నడుం నొప్పి కాయితం

పోయిన వారం సమ్మమ్మను సుబేదారి బస్టాపులో మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేసి వచ్చాం. మనకు వారం గడిచింది గానీ ఆమెకు పది నిమిషాలే. బస్సు దిగుతున్న రాయమల్లును కండక్టరు తొందరపెడుతూ భుజం మీద రెండుసార్లు తట్టాడు. అంతే, నలభై ఐదేళ్ల మనిషి రోడ్డు మీద కూలబడి మోకాళ్లలో తల దాచుకున్నాడు. బస్సు పొగ వదిలి వెళ్లిపోయింది. సమ్మమ్మ మొగుడి తల మీద కొంగు కప్పి, పక్కన గొంతుక్కూర్చుని, దారిన పోయేవాళ్లందరికీ "ఎండదెబ్బ, ఎండదెబ్బ" అని చెబుతోంది. ఎవరూ అడగకపోయినా చెబుతోంది.

ఆ మనిషికి తగిలింది ఎండ కాదని మనకు తెలుసు. రాయమల్లు పంతొమ్మిదేళ్లుగా నూలు మిల్లులో కార్డింగ్ హాల్లో పనివాడు. పత్తిని దువ్వి పల్చటి తెరలా తీసే మిషన్లుంటాయి అక్కడ. ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి పెద్ద సార్లు మిల్లు చూడటానికి వచ్చిన రోజున, ఆ మిషన్లో పడి అతని జోడీ కట్టయ్య చచ్చిపోయాడు. తాగి వచ్చి నడుస్తున్న మిషన్లో చెయ్యి పెట్టాడని మిల్లు రాసుకుంది. తాగినవాడి చావుకు నష్టపరిహారం ఉండదని చెప్పి కట్టయ్య పెళ్లాం మొగిలమ్మకు దహనం ఖర్చులిచ్చి చేతులు దులుపుకుంది. ఆ రోజు మిషన్ దగ్గర ఉన్న రెండో మనిషి రాయమల్లే. అతను అప్పటినుంచి నోరు విప్పలేదు. పెడితే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు, మాట మాత్రం లేదు. ఐదు నెలలు.

నోరు విప్పించింది సుబేదారిలో అద్దె ఇంట్లో ఉండే లిదియా. ఆమె డాక్టరు కాదు. బెంగళూరులో మనస్తత్వ శాస్త్రం చదివి వచ్చి, మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి బాగుచేసే పని పెట్టుకుంది. అలా ఒక దఫా కూర్చోవడాన్ని ఆమె సిట్టింగు అంటుంది, సమ్మమ్మ మాటల మందు అంటుంది. మొదటి ఆరు సిట్టింగులూ రాయమల్లు గోడ చూస్తూ కూర్చున్నాడు. ఏడోసారి లిదియా అతని ఒళ్లో గుప్పెడు పత్తి పెట్టింది. అతను గింజలు ఏరుతూ, ఎవరికో కాదు, పత్తికే చెప్పినట్టు, "తొర్రూరుది" అని అది పండిన ఊరు చెప్పాడు. ఆ సాయంత్రం ఇంట్లో కంచం ముందు కూర్చుని "కూరల ఉప్పు తక్కువైంది" అన్నాడు. సమ్మమ్మ ఇంటి వెనక్కి వెళ్లి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు కావాలనే కూరలో ఉప్పు వెయ్యలేదు. అతను ఏమీ అనకుండా తినేశాడు. ఆ మర్నాడూ వెయ్యలేదు. "ఉప్పు మర్సినవ్" అన్నాడు. ఆ రెండు మాటల కోసం ఆమె ఇంకో నెల చప్పిడి కూర తినమన్నా తినేది.

ఇప్పటికి తొమ్మిది సిట్టింగులయ్యాయి. ఇవాళ పదోది. అసలు గొడవంతా ఆ తొమ్మిదింటి డబ్బు ఎవరిస్తారన్నది. అది చెప్పాలంటే మిల్లులో శనివారం సంగతి చెప్పాలి.

మిల్లు కార్మికులందరి జీతాల్లోనూ సర్కారు బీమాకు కొంత కోత పడుతుంది. దానికి బదులు రోగమొస్తే బీమా దవాఖాన ఉంది, జబ్బు సెలవులో సగం జీతం ఉంది, పెద్ద వైద్యం బయట చేయించుకుంటే ఆ ఖర్చు తిరిగి రాబట్టుకునే దారీ ఉంది. మంచి ఏర్పాటే, కాదనను. కానీ జబ్బు కాయితాలు మిల్లు టైమాఫీసు మీదుగా రావాలి. శనివారం పొద్దున టైమాఫీసు గుమస్తా కిటికీలోంచి ఒక్కొక్కరి పేరూ పిలిచి కాయితాలిస్తాడు. వట్టి పేరు పిలిస్తే చాలదు, ఆ మిల్లులో రాయమల్లులే పదకొండు మంది. అందుకని పేరు, డిపార్టుమెంటు, జబ్బు మూడూ కలిపి అరుస్తాడు. "రాయమల్లు, వైండింగ్, మొలలు!" "సారయ్య, స్పిన్నింగ్, గజ్జి!" కిటికీ ముందు వంద మంది. సారయ్య గజ్జి సాయంత్రానికి వాడవాడంతా తెలిసిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కరైనా ఇదేం పద్ధతి అని అడగలేదు. ఎదుటివాడి జబ్బు వినడంలో ఉన్న సుఖం కొద్దీ తమ జబ్బు కూడా వినిపిస్తుందన్న సంగతి జనానికి గుర్తుండదు కాబోలు.

మార్చిలో సమ్మమ్మ మొగుణ్ని బీమా దవాఖానకు తీసుకెళ్లినప్పుడు డాక్టర్ సుందర్ రావు చాలాసేపు పరీక్షించి, కాయితం మీద మనసుకు సంబంధించిన జబ్బని రాయబోయాడు. సమ్మమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"మీ కాళ్లు మొక్కుత సార్, గది రాయకుండ్రి. శనారం కిటికీల్నుంచి రాయమల్లు, కార్డింగ్, మెంటల్ అని పిలుస్తరు. మల్ల నేను వాడల తలెత్తుకొని తిరుగుతనా? మా ఆయనను ఇంక మిషన్ మీదికి రానిస్తరా?"

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. దయగల మనిషి. తప్పు చేసింది కూడా ఆ దయతోనే. "నడుం నొప్పి లేని మిల్లు పనివాడు ఎవరున్నడమ్మా," అని నవ్వి, నడుము నొప్పి అని రాశాడు. ఐదు నెలలూ అదే రాస్తూ వచ్చాడు. శనివారం కిటికీలోంచి "రాయమల్లు, కార్డింగ్, నడుం నొప్పి!" అని వినబడినప్పుడల్లా సమ్మమ్మ ధైర్యంగా చెయ్యి చాచి కాయితం అందుకుంది.

ఆ ధైర్యం పోయిన వారం కాస్తా దిగిపోయింది. లిదియా ఇచ్చిన తొమ్మిది బిల్లుల్నీ బీమా వాళ్లు వెనక్కి పంపారు. నడుము నొప్పికి మాటలతో చేసే చికిత్స వర్తించదని రెండు వాక్యాల ఉత్తరం జతచేశారు. వాళ్లను ఏమనగలం? కాయితం చూసి చెప్పేవాళ్లు కాయితంలో ఉన్నదే చెప్పారు. సోమవారం సమ్మమ్మ ఆ ఉత్తరం పట్టుకుని సుందర్ రావు దగ్గరికి పరుగెత్తింది. ఆయన చదివి, "సరిచేసి రాస్తనమ్మా. తప్పు నాది," అన్నాడు. పెన్ను తీశాడు గానీ కాయితం మీద పెట్టలేకపోయాడు. ఐదు నెలలు తప్పుడు కాయితాలిచ్చానని తన చేత్తో తాను రాసుకోవాలి, పింఛనుకు ఇంకా ఎనిమిది నెలలుంది. సమ్మమ్మ అది చూసి తట్టుకోలేకపోయింది. "వద్దు సార్, ఇంకో తొవ్వ జూసుకుంట," అని వచ్చేసింది.

ఆ ఇంకో తొవ్వ బుధవారం పొద్దున జీపులో ఆమె ఇంటికే వచ్చింది. మిల్లు వెల్ఫేరు ఆఫీసరు వెంకట్రాజం. ఇస్త్రీ బట్టలు, చేతికి వెండి కడియం, నోట్లో ఎప్పుడూ "చెల్లె" అన్న పిలుపు. మిల్లు వాళ్లు ఈ ఏడాదే బొంబాయి ప్రైవేటు కంపెనీ ఒకదానితో ఇన్సూరెన్సు కుదుర్చుకున్నారట. సర్కారు బీమా కట్టనివి అది కడుతుందట. మొదటి సిట్టింగు నుంచి ఇరవయ్యో సిట్టింగు దాకా అంతా వాళ్లదే భారమట. సమ్మమ్మ రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న మనిషి. వేలిముద్ర కోసం ఇంకు డబ్బా తీయబోతున్న వెంకట్రాజాన్ని ఆపి, పెన్ను అడిగి తీసుకుని, మూడక్షరాలూ గుండ్రంగా రాసింది. చదవడం ఇంకా అంతగా పట్టుబడలేదు. అది మాత్రం ఆయనకు చెప్పలేదు, చిన్నతనమనిపించింది.

అందుకే ఇవాళ బస్టాపులో అంత అగచాట్లు పడ్డా, రాయమల్లును లేపి నడిపించుకుంటూ లిదియా ఇంటి మెట్లెక్కేసరికి ఆమె ముఖంలో కాస్త వెలుగుంది. డబ్బు ఫికరు తీరింది. మొగుడు ఇంకో పది సిట్టింగుల్లో మనిషవుతాడు.

ఇంటి ముందు జీపు ఆగి ఉంది. వరండాలో వెంకట్రాజం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. లిదియా నిలబడి ఉంది. ఆమె చేతిలో కాయితాలు.

"రా చెల్లె, రా. నీ కోసమే చూస్తాన్న," అన్నాడు వెంకట్రాజం. "మేడం గారు సంతకం పెట్టనంటాండ్లు. జర నువ్వే సమజాయించు."

"అక్కా, ముందు అన్నను లోపల కూసోబెట్టి రా," అంది లిదియా.

సమ్మమ్మ రాయమల్లును ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, గంపలోంచి పత్తి తీసి ఒళ్లో పెట్టి వచ్చింది. వరండాకూ గదికీ నడుమ ఒక తలుపు, దానికో పాత పరదా. తలుపు తెరిచే ఉంది.

"ఈ కాయితం చదివిచ్చుకున్నవా అక్కా?"

"సార్ చెప్పిండు గదమ్మా. బొంబాయోళ్లు పైసలు కడతరట. నేను సంతకం పెట్టిన. మీరు గూడ పెడితే అయిపాయె."

"ముందరి కాయితంల గట్లనే ఉంది. దీని ఎనక పిన్ను కొట్టి ఇంకో కాయితం ఉంది. చదువుత, ఇను." లిదియా నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చదివింది. "రోగి చికిత్స సమయములో పలికిన మాటలన్నింటి నోట్సు, ప్రతి సిట్టింగు ముగిసిన వెంటనే, మిల్లు వెల్ఫేరు ఆఫీసరుకు అందజేయవలెను."

సమ్మమ్మకు అందులో తప్పేమిటో అర్థం కాలేదు. వెంకట్రాజం వైపు చూసింది. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"ఇన్సూరెన్స్ అంటే ఊరికే కడతరా మేడం? ఏం వైద్యం జరుగుతాందో తెల్వాలె గద. దవాఖానల కేస్ షీట్ ఉంటది. ఇది గూడ గంతే."

"మొదటి కాయితం కంపెనీ అచ్చేసింది సార్. రెండోది మిల్లు టైపు మిషన్ మీద కొట్టింది. కంపెనీకి బిల్లు ఇస్తే చాలు, దాంట్ల నోట్సు ముచ్చటే లేదు. నోట్సు అడుగుతాంది మీరు." లిదియా గొంతు పెంచలేదు. "ఈ గదిల చెప్పిన మాట ఈ గదిలనే ఉండాలె. గట్లయితేనే మనిషి మాట్లాడుతడు. నేను ఇయ్య."

"మీ ఇష్టం. ఇయ్యకుంటే పైసలు రావు." వెంకట్రాజం సమ్మమ్మ వైపు తిరిగాడు. "బీమా వాపస్ పంపింది. ఆ పెద్దమనిషి డాక్టర్ సాబ్‌తోని కాయితం మార్పిస్తే ఆయన పింఛను పోతది. నాకన్నీ తెలుసు చెల్లె, దాచకు. ఇంగ మిగిలింది ఇదొక్కటే."

సమ్మమ్మ లిదియా ముందుకు వచ్చింది. "నోట్సు ఇస్తే ఏమైతదమ్మా? ఇచ్చేయుండ్రి. గాయన చెప్పేదేముంది? ఉప్పు తక్కువైందన్నడు. పత్తి తొర్రూరుదన్నడు. గవి రాస్కోని వీళ్లేం జేసుకుంటరు?"

"ఇయ్యాల ఉప్పు అక్కా. రేపు ఏం చెప్తడో నీకు తెల్వది, నాకు తెల్వది. ఇంకొకలు ఇంటాండ్లని తెలిస్తే అసలే చెప్పడు."

"మీరు బెంగుళూరుల సదివిండ్లు. మీకు రూళ్లుంటయ్." బతిమాలడం పోయి సమ్మమ్మకు కోపం వచ్చింది. "మాకేమున్నయమ్మా? ఐదు నెల్లు పొయ్యితోని మాట్లాడిన. గోడతోని మాట్లాడిన. ఆయన ముంగటనే కూసోని ఆయన లేనట్టు ఏడ్సిన. మీరే ఒక మాట ఇనిపిచ్చిండ్లు. ఇప్పుడు మీరే బందు పెడతాండ్లు. కాయితం ముఖ్యమా మీకు, మా ఆయన ముఖ్యమా?"

లిదియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సమ్మమ్మ అన్నది తప్పా? ఈ కథ రాస్తున్నది నేనే అయినా ఆ మాట తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు. ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నంలో ఏం కలిసిందో చూసే ఓపిక ఉండదు.

"పైసలు వద్దక్కా," అంది లిదియా చివరికి. "ఇయ్యాలటిది నేను ఊరికే చేస్త. ముందటివి గూడ నువ్వు ఇచ్చినప్పుడే తీసుకుంట."

వెంకట్రాజం నవ్వాడు. "ఊరికే ఎన్ని దినాలు మేడం? మీకొచ్చేదే నలుగురు పేషెంట్లు. ఇంటి కిరాయి ఎవరు కడతరు?" అని లేచి నిలబడ్డాడు. నవ్వు అలాగే ఉంది గానీ గొంతులో మెత్తదనం పోయింది. "ఇంకో ముచ్చట గూడ ఇను చెల్లె. నోట్సు రాకుంటే నేను రాయమల్లును మిల్లు డాక్టర్ల ముంగట నిలబెట్టాల్సొస్తది. వాళ్లు నడుం చూస్తరు. నడుం మంచిగనే ఉన్నదని రాస్తరు. అప్పుడేమైతది? ఐదు నెలలది దొంగ సెలవైతది. పంతొమ్మిదేండ్ల నౌకరి పోతది. ఇచ్చిన సగం జీతం గూడ వాపస్ అడుగుతరు. నాకు ఇష్టమా చెప్పు? నువ్వు నా చెల్లె అసొంటిదానివి."

సమ్మమ్మ సిగ్గుకు భయపడి రాయించిన రెండు మాటలు తిరిగొచ్చి మొగుడి మెడకే చుట్టుకున్నాయి. ఆమె లిదియా చేతిలోని కాయితాన్నీ, వెంకట్రాజం జేబులోని పెన్నునీ మార్చి మార్చి చూసింది. "పెట్టుండ్రి అమ్మా సంతకం," అంది. "మీ కాళ్లు మొక్కుత. పెట్టుండ్రి."

ఇదే మాటతో ఇదివరకు ఒక పెద్దాయన చేత కాయితం రాయించిన సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తులేదు.

లిదియా కాయితాలు మడిచి పట్టుకుంది. "ముందు సిట్టింగు కానియ్యండి," అంది. "అన్నను అంతసేపు ఒక్కన్ని కూసోబెట్టుడు మంచిది కాదు. సంతకం ముచ్చట తరువాత."

"కానియ్యండి. నేను ఈడనే ఉంట." వెంకట్రాజం మళ్లీ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకున్నాడు. "నోట్సు తీసుకొనే పోత."

మామూలుగా సిట్టింగు అయినంతసేపూ సమ్మమ్మ వరండాలోనే కూర్చుంటుంది. ఇవాళ రాయమల్లు ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. లిదియా సరేనన్నట్టు తలూపి, తలుపు వేసి, కిటికీ రెక్కలు కూడా దగ్గరికి లాగింది. గదిలో ఉక్క. బల్ల మీద ఎప్పటిలాగే నోటుబుక్కు తెరిచి పెట్టింది. పెన్ను మూత తియ్యలేదు.

రాయమల్లు ఒళ్లో పత్తిలోంచి ఒక గింజ తీశాడు, బల్ల మీద పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఏడెనిమిది గింజలు వరుసగా పేర్చాక తలెత్తి నోటుబుక్కును చూశాడు. చెయ్యి చాపి, తెల్ల కాయితం మీద అరచెయ్యి పరిచి అదిమి పెట్టాడు.

"రాయకు," అన్నాడు.

గొంతు బొంగురుగా ఉంది. లిదియా అతని చెయ్యి కిందినుంచి నోటుబుక్కు మెల్లగా లాగి, మూసి, కుర్చీ కింద నేల మీద పెట్టింది. "రాయనన్నా. ఒట్టు."

వరండాలో జరిగిందంతా అతను విన్నాడని ఇద్దరికీ అప్పుడు తెలిసింది. ఐదు నెలలుగా మాట్లాడనివాడికి వినబడదని అందరూ అనుకుంటూ వచ్చారు. సమ్మమ్మ కూడా అలాగే అనుకుంది.

"మిషన్ల సప్పుడుకు మాట ఇనబడది," అన్నాడు రాయమల్లు, గింజల వైపు చూస్తూ. "నాకు కట్టయ్యకు ఒక గుర్తున్నది. పత్తి సుట్టుకుంటే నేను హ్యాండిల్ దించి మిషన్ ఆపుత. ఆయన ఆ పక్కపొంటి లోపల చెయ్యి పెట్టి గుంజుతడు. గుంజుడైనంక నా ఎనకకొచ్చి బుజం మీద రెండుసార్లు తడతడు. నేను హ్యాండిల్ లేపుత. పదేండ్ల సంది గంతే. ఎన్నడు తప్పలే."

అన్ని మాటలు ఒక్కసారే వచ్చినందుకు సంతోషించాలో, ఆపమనాలో సమ్మమ్మకు తెలియలేదు.

"గా దినం సార్లొస్తాండ్లు, అన్ని మిషన్లు నడుస్తాండాలె అన్నరు. మాదాంట్ల పత్తి సుట్టుకున్నది. ఆపిన. కట్టయ్య చెయ్యి పెట్టిండు." అతని ఎడమ చెయ్యి తన కుడి భుజం మీదికి పోయింది. అక్కడే ఆగింది. "తట్టిండ్లు. రెండుసార్లు. కట్టయ్యే అనుకున్న. ఎనకకు సూడలే. లేపిన."

"నేనే లేపిన సమ్మీ," అన్నాడు. పెళ్లయిన కొత్తలో పిలిచిన పేరు. "ఆయన చెయ్యి ఇంక లోపల్నే ఉండె."

సమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కట్టయ్య చావు తన ఇంట్లోనే ఐదు నెలలుగా కూర్చుని అన్నం తింటోందని ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. బస్సు కండక్టరు చెయ్యి ఎందుకంత పని చేసిందో తెలియదు. కండక్టర్లంటే భయమనుకుంది, పిచ్చిది.

లిదియా ముందుకు వంగింది. "అన్నా, కట్టయ్య చెయ్యి లోపలుంటే మరి నీ బుజం తట్టింది ఎవరు?"

"సూడలే."

"చెయ్యి ఎట్లుండె? యాదికున్నదా?"

రాయమల్లు కళ్లు మూసుకున్నాడు. "బరువుండె," అన్నాడు. "మెడకు సల్లగ ఇనుమసొంటిది తాకె. కట్టయ్యది కాదు. ఇప్పుడు అనిపిస్తాంది. అప్పుడు సమజు కాలే." కళ్లు తెరిచాడు. "కట్టయ్య తాగలే. తాగిండని రాసిండ్లు. తాగలే."

సరిగ్గా అప్పుడు తలుపు మీద చప్పుడైంది.

"మేడం, అయిపోయిందా?" వెంకట్రాజం గొంతు. "ఏదో మాటలినబడుతాన్నయ్. రాయమల్లు మాట్లాడుతాండా?"

లిదియా లేవబోయింది. సమ్మమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. అరగంట కిందట ఇదే చేత్తో సంతకం పెట్టమని బతిమాలింది. బుధవారం పొద్దున ఇదే చేత్తో మూడక్షరాలూ గుండ్రంగా రాసింది. మొగుడు పలికిన ప్రతి మాటా వెంకట్రాజానికి అప్పజెప్పమన్న కాయితం మీద ఆ అక్షరాలున్నాయి. ఆమె ముఖం తుడుచుకుని, తలుపు బెత్తెడంత తెరిచి, ఆ సందులో తాను నిలబడింది.

"ఏమంటాండు చెల్లె?"

"నడుం నొస్తాందంటాండు సార్," అంది సమ్మమ్మ.

వెంకట్రాజం ఆమె ముఖంలోకి చూశాడు. "నడుమా?"

"నడుమే. కూసుంటే గుంజుతాందట. మీ కాయితంల ఉన్నది గదా, గదే."

"మరి గంతసేపు మాటలినబడ్డయ్."

"నేనే సార్. నేనే ఏడుస్తాన్న."

కళ్లు ఎర్రగా ఉన్నాయి గనక ఆ మాట నమ్మదగ్గదిగానే ఉంది. వెనకనుంచి లిదియా వచ్చి నోటుబుక్కు తెరిచి చూపింది. తేదీ కూడా వెయ్యని తెల్ల కాయితం. "ఇయ్యాల రాసేటంత ఏం లేదు సార్," అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పడం అదే మొదటిసారేమో, చెవులు కందిపోయాయి.

వెంకట్రాజం భుజాలు కొంచెం వదులయ్యాయి. "సరే. మంగళారం చూద్దాం. సంతకం అప్పటికల్లా కావాలె," అని జేబులోంచి జీపు తాళం తీశాడు. సమ్మమ్మ మనసులో ఎల్లమ్మకు దండం పెట్టుకుంది. మంగళవారం దాకా నాలుగు రోజులు. నాలుగు రోజుల్లో ఏదో ఒకటి ఆలోచించవచ్చు.

ఆమె వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

రాయమల్లు లేచి నిలబడ్డాడు. ఒళ్లోని పత్తి నేల మీద పడింది. తలుపు దగ్గరికి వచ్చి, అడ్డం ఉన్న పెళ్లాన్ని మెల్లగా పక్కకు జరిపి, వరండాలోకి నడిచాడు. వెంకట్రాజం పక్కనుంచే వెళ్లాడు. ఆయన వైపు చూడలేదు.

"మొగిలమ్మింటికి పోదాం పా," అన్నాడు సమ్మమ్మతో. గదిలో పలికినంత మెల్లగా కాదు. వీధిలోకి వినబడేట్టు అన్నాడు. "తాగలేదని చెప్పాలె. మిగతాది గూడ చెప్పాలె."

ఐదు నెలలుగా వెంకట్రాజం ఆ గొంతు వినలేదు. చేతిలో తాళం అలాగే ఉండిపోయింది. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం సమ్మమ్మ చూసింది. ఒక వెల్ఫేరు ఆఫీసరు అంత భయపడవలసిన అవసరమేమిటో అప్పుడామెకు తట్టలేదు. మొగుణ్ని ఎలాగైనా ఆపాలన్నదొక్కటే ఆమె బుర్రలో ఉంది. వెళ్లి మొగిలమ్మకు చెబితే అది నిజమవుతుంది, పోలీసులవుతుంది, జైలవుతుంది.

"జర ఆగయ్యా, ఆగు!"

రాయమల్లు ఆగలేదు. మొదటి మెట్టు దిగాడు.

"రాయమల్లూ," అన్నాడు వెంకట్రాజం. గబగబా రెండడుగులు వేసి, వెనకనుంచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టాడు. కడియం చల్లగా మెడకు తగిలింది.

రాయమల్లు కూలబడతాడని సమ్మమ్మ రెండు చేతులూ చాచి ముందుకురికింది. బస్టాపులో పడ్డట్టే ఈ మెట్ల మీదా పడతాడు, తల పగులుతుంది అనుకుంది.

అతను పడలేదు. ఫిబ్రవరిలో వెనక్కి చూడని మనిషి ఇప్పుడు తిరిగి చూశాడు. ముందు ఆ చేతిని చూశాడు, తర్వాత ఆ ముఖాన్ని చూశాడు. చూసి, భుజం మీదున్న చేతిని కడియంతో సహా గట్టిగా పట్టుకున్నాడు.

వదల్లేదు.